అట్టముక్కల ఆట: లాభమా, నష్టమా?

అందరికీ నమస్కారం. ఈ రోజు నేను మాట్లాడబోయేది అట్టల గురించి. నవ్వకండి, 2018 ఏప్రిల్‌లో జపాన్ వీడియో గేమ్ కంపెనీ నింటెండో 70 డాలర్లకు అమ్మిన అట్టలు అవి!

ఆ అట్టల ఆట పేరు 'లాబో'. దాని వెరైటీ కిట్ విప్పితే అట్టలు, రబ్బరు బ్యాండ్లు, తాళ్లు, ఒక గేమ్ కార్డు కనిపిస్తాయి. ఓపిగ్గా మడిచి కూర్చితే పియానో తయారవుతుంది, గాలం తయారవుతుంది. పియానో మెట్టు నొక్కితే వెనకున్న మెరుపు స్టిక్కర్ కదులుతుంది. లోపల దోపిన స్విచ్ (నింటెండో గేమ్ యంత్రం) కంట్రోలర్ ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో దాన్ని చూసి స్వరం పలికిస్తుంది. అట్టలో ఒక్క తీగ కూడా ఉండదు. ఆ ఊహకి నేను ఇప్పటికీ దాసుణ్ణే.

మరి అమ్మకాలు? జూన్ చివరికి అప్పటికి వచ్చిన వెరైటీ, రోబో కిట్లు రెండూ కలిపి 13.9 లక్షలు. అప్పటికి అమ్ముడైన స్విచ్‌లు 1.97 కోట్లు. అంటే పద్నాలుగు స్విచ్‌లకు ఒక కిట్ చొప్పున. అదే స్విచ్‌పై మారియో ఒడిస్సీ అనే గేమ్ ఐదు నెలల్లో కోటి దాటింది. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చాలామంది "ఫ్లాప్" అనేశారు.

నాకు ఆ తూకం నచ్చదు. 1985లో అమెరికాలో అదే కంపెనీ రాబ్ అనే బొమ్మ రోబోను తెచ్చింది. దానికోసం వచ్చినవి రెండే ఆటలు. కానీ 1983లో వీడియో గేమ్ మార్కెట్ కుప్పకూలిన తర్వాత ఆ ఆటలంటేనే మొహం తిప్పుకుంటున్న దుకాణదారులకు, ఆ రోబో వల్ల నింటెండో గేమ్ యంత్రం ఎన్‌ఈఎస్ బొమ్మలా కనిపించింది. దాన్ని లోపలికి రానిచ్చారు. రాబ్ పని అక్కడితో అయిపోయింది.

దీనికి తలకిందుల కథ డిస్నీ ఇన్ఫినిటీ, అంటే బొమ్మలతో కలిపి ఆడే వీడియో గేమ్. బొమ్మలు బాగానే అమ్ముడయ్యాయి. అయినా 2016లో డిస్నీ 14.7 కోట్ల డాలర్ల భారం లెక్క రాసుకుని మూసేసింది. డౌన్‌లోడ్ చేసుకునే గేమ్‌కి గోదాము అక్కర్లేదు. బొమ్మకి కావాలి, అమ్ముడుపోని బొమ్మ అక్కడే కూర్చుంటుంది.

అందుకే లాబో విషయంలో నేను అడిగేది వేరు: మొదటి కిట్ కొన్నవాడు రెండోది కొంటాడా? ఇక్కడే అది చతికిలబడిందని నా అనుమానం. అందులో అసలు ఆట కట్టడమే. కట్టేశాక గాలంతో ఎంతసేపని చేపలు పడతాం? పైగా అంత పెద్ద పియానోను ఇంట్లో ఎక్కడ పెట్టుకోవాలి? వాహనాల కిట్ 2018 సెప్టెంబరులో, వీఆర్ కిట్ 2019 ఏప్రిల్‌లో వచ్చాయి. ఐదోది రాలేదు.