బాస్కెట్ కింద నిలబడ్డ కొండ: డికెంబే ముటోంబో కెరీర్ రివ్యూ

నమస్తే అండీ. మాటలు మొదలుపెట్టేముందు ఈ ఫోటో ఒక్కసారి చూడండి. 1994 మే 7, సియాటిల్. ఏడడుగుల రెండంగుళాల మనిషి కోర్టు మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. రెండు చేతులతో బంతిని తలకు పైన ఎత్తి పట్టుకున్నాడు. నోరు తెరిచి నవ్వుతున్నాడో, ఏడుస్తున్నాడో చెప్పడం కష్టం. మ్యాచ్ అయిపోయింది, అయినా బంతిని మాత్రం వదలడం లేదు.

ఈయనే డికెంబే ముటోంబో. కాంగో నుంచి వచ్చి అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 18 సీజన్లు ఆడిన సెంటర్, అంటే బాస్కెట్ కింద కాపలా కాసే పొడుగు ఆటగాడు. 2024 సెప్టెంబర్ 30న మెదడు క్యాన్సర్‌తో చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 58. ఆ వార్త విన్న రోజు నుంచి ఈ వీడియో చేయాలని నా మనసులో ఉంది.

ఆయన కెరీర్ సగటు చూస్తే మ్యాచ్‌కి 9.8 పాయింట్లు. పది కూడా లేవు. అలాంటి ఆటగాడు 8 సార్లు ఆల్ స్టార్ ఎలా అయ్యారు, అంటే ఆ సీజన్ మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కి ఎలా ఎంపికయ్యారు, 2015లో ఈ ఆటలో గొప్పవాళ్లకి దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఎలా వెళ్లారు? ఈ వీడియోలో నేను చెప్పాలనుకున్నదంతా ఈ ప్రశ్న చుట్టూనే ఉంటుంది. ముటోంబోని అర్థం చేసుకోవాలంటే పడిన పాయింట్లు కాదు, పడకుండా పోయిన పాయింట్లు చూడాలి. క్రికెట్‌లో బౌండరీ దగ్గర డైవ్ చేసి మూడు పరుగులు ఆపిన ఫీల్డర్ పేరు స్కోర్‌కార్డులో ఎక్కడా ఉండదు కదా, ఇదీ అలాంటిదే.

నేను స్కూల్లో ఉన్నప్పుడు క్లాసులో అందరికన్నా పొడుగు. అందుకని మా పీఈటీ సార్ నన్ను సిమెంట్ కోర్టులో రింగ్ కింద నిలబెట్టేవారు. "నువ్వు బాస్కెట్ వేయక్కర్లేదురా, వాళ్లని వేయనివ్వకు, చాలు" అనేవారు. ఆ మాటకి నాకు తెగ చిన్నతనంగా ఉండేది. ఇంటికెళ్తే "ఎన్ని వేశావు?" అనే అడుగుతారు గానీ "ఎన్ని ఆపావు?" అని ఎవరడుగుతారు? చాలా ఏళ్ల తర్వాత ముటోంబో పాత మ్యాచ్‌లు చూశాక గానీ సార్ నాకు అప్పజెప్పిన పని ఎంత పెద్దదో తెలియలేదు.

బాస్కెట్‌బాల్ కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ఒక్క విషయం చెప్తాను. షాట్ ఆపడానికి పొడుగుంటే చాలు అనుకుంటాం. కాదు. బంతి పైకి వెళ్తున్నప్పుడే దాన్ని కొట్టాలి. ఒక్కసారి కిందకి దిగడం మొదలయ్యాక ముట్టుకుంటే గోల్‌టెండింగ్, ఎదుటివాళ్లకి పాయింట్లు ఇచ్చేస్తారు. బంతి బదులు షూటర్ చెయ్యి తగిలితే ఫౌల్. అంటే ఆ రెప్పపాటులోనే అన్నీ కుదరాలి. ఈ క్లిప్‌లో ముటోంబో పాదాలు చూడండి, చేతులు కాదు. ఎదుటి ఆటగాడు ఒకసారి ఎగురుతున్నట్టు నటించాడు. ఈయన కదల్లేదు. వాడి పాదం నిజంగా నేల వదిలాకే ఈయన లేచారు. అదీ ఓపిక అంటే.

ఇక మొదటికి వెళ్దాం. ముటోంబో 1966 జూన్ 25న పుట్టారు. ఆ ఏడాదే ఆ ఊరి పేరు లియోపోల్డ్‌విల్ నుంచి కిన్షాసాగా మారింది. ఆయనకి ఐదేళ్లప్పుడు దేశం పేరు కూడా మారి జైర్ అయింది. 1997లో మళ్లీ కాంగో అయింది. ఒక మనిషి జీవితంలో దేశం పేరు రెండుసార్లు మారడం ఎలా ఉంటుందో మనం ఊహించుకోవాల్సిందే. చదువుకున్న కుటుంబం, ఇంటినిండా పిల్లలు. ఈయన లక్ష్యం డాక్టర్ కావడం. 1987లో అమెరికా ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ యూనివర్సిటీకి వెళ్లింది కూడా అందుకే, బాస్కెట్‌బాల్ కోసం కాదు. అప్పటికి ఆయనకి 21 ఏళ్లు. ఇప్పటి కుర్రాళ్లు 19కే ఎన్‌బీఏలో ఉంటున్నారు, ఈయన 21కి ఇంగ్లిష్ నేర్చుకుంటున్నారు.

అక్కడి కోచ్ జాన్ థామ్సన్ కన్ను ఈయన మీద పడింది. పడకుండా ఎలా ఉంటుంది! రెండో ఏడాది నుంచి టీమ్‌లో ఆడించారు. అదే టీమ్‌లో అలోంజో మోర్నింగ్ అని ఇంకో గొప్ప సెంటర్. ఈ ఇద్దరూ కలిసి షాట్లు తిప్పికొడుతుంటే, బాస్కెట్ వెనక కూర్చునే స్టూడెంట్లు తమ వరసకి ‘రిజెక్షన్ రో’ అని పేరు పెట్టుకున్నారు. సెయింట్ జాన్స్ టీమ్ మీద ఒకే మ్యాచ్‌లో ముటోంబో 12 బ్లాకులు చేశారంటే, అంటే 12 షాట్లు తిప్పికొట్టారంటే, ఆ వరసకి ఎంత పని పడి ఉంటుందో చూడండి. డాక్టర్ చదువు మాత్రం అక్కడితో ఆగిపోయింది. 1991లో భాషాశాస్త్రం, దౌత్యం చదివి డిగ్రీతో బయటికొచ్చారు. ఫ్రెంచ్, ఇంగ్లిష్, స్పానిష్, పోర్చుగీస్, వాటితో పాటు ఆఫ్రికా భాషలు ఐదు, మొత్తం తొమ్మిది మాట్లాడేవారు.

ఎన్‌బీఏ టీమ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1991లో, డెన్వర్ నగ్గెట్స్ టీమ్ ఈయన్ని నాలుగో పిక్‌గా తీసుకుంది. మొదటి సీజన్‌లోనే ఆల్ స్టార్. ఆ నవంబర్లో షికాగోతో ఆడుతున్నప్పుడు జరిగింది మీలో చాలామంది రీల్స్‌లో చూసే ఉంటారు. మైకేల్ జోర్డాన్ ఫ్రీ త్రో (ఫౌల్ అయితే ఎవరూ అడ్డురాకుండా వేసే షాట్) లైన్ దగ్గర నిలబడి, ఇది నీ కోసమే అన్నట్టు ముటోంబోకి చెప్పి, కళ్లు మూసుకుని వేశాడు. పడింది. ఆ క్లిప్ పెట్టి నవ్వేవాళ్లకి నేను ఒకటి చెప్తాను. కొత్తగా వచ్చిన కుర్రాడిని లెక్కచేయకపోతే జోర్డాన్ అంత శ్రమ తీసుకోడు.

ఇప్పుడు ఆ ఫోటో దగ్గరికి వద్దాం. 1994 ప్లేఆఫ్స్, అంటే సీజన్ చివర్లో జరిగే నాకౌట్ సిరీస్‌లు. సియాటిల్ సూపర్‌సానిక్స్ ఆ సీజన్‌లో 63 మ్యాచ్‌లు గెలిచింది, లీగ్‌లో అందరికన్నా ఎక్కువ. గ్యారీ పేటన్, షాన్ కెంప్ ఉన్న టీమ్. డెన్వర్ గెలిచింది 42. సీజన్ ర్యాంకుల్లో ఎనిమిదో స్థానంలో ఉన్న టీమ్ (ఎనిమిదో సీడ్) వచ్చి ఒకటో సీడ్‌ని కొట్టడం అప్పటిదాకా ఒక్కసారి కూడా జరగలేదు. ఐదు మ్యాచ్‌ల సిరీస్‌లో సియాటిల్ మొదటి రెండూ గెలిచేసింది. ఇంక ఒక్కటి గెలిస్తే సరి.

తర్వాతి రెండూ డెన్వర్ తన ఊళ్లో గెలిచింది. ఐదో మ్యాచ్ మళ్లీ సియాటిల్‌లో, వాళ్ల జనం మధ్య. స్కోరు సమమై అది ఓవర్‌టైమ్‌కి, అంటే అదనపు సమయానికి వెళ్లింది. ఆ ఓవర్‌టైమ్ చూస్తుంటే ఫలితం తెలిసి కూడా నాకు టెన్షన్ వచ్చేస్తుంది. కెంప్ అంటే గాలిలోకి లేస్తే ఆపేవాడు ఉండడు అని పేరు. అలాంటివాడు కూడా రింగ్ దగ్గరికి వచ్చేసరికి ఈ పొడుగు చేతుల్ని వెతుక్కుంటున్నాడు. ఆ ఒక్క మ్యాచ్‌లో ముటోంబో బ్లాకులు 8. సిరీస్ మొత్తం మీద 31, ఐదు మ్యాచ్‌ల సిరీస్‌లో అది రికార్డు. 98–94తో డెన్వర్ గెలిచింది. చివరి రీబౌండ్, అంటే పడకుండా వెనక్కొచ్చిన షాట్ బంతి, ఎవరి చేతుల్లో పడింది? ఈయన చేతుల్లోనే. బంతితో సహా నేల మీదకి వాలిపోయారు. పాయింట్లు వేసినవాళ్లు వేరే ఉన్నారు, రాబర్ట్ ప్యాక్ లాంటివాళ్లు చాలా బాగా ఆడారు. కానీ ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ రోజు అనగానే అందరికీ గుర్తొచ్చేది కింద పడుకున్న ఈ మనిషే. తర్వాతి రౌండ్‌లో యూటా మీద ఏడో మ్యాచ్ దాకా వెళ్లి ఓడిపోయారు.

1994, 95, 96, వరసగా మూడు సీజన్లు లీగ్‌లో అందరికన్నా ఎక్కువ బ్లాకుల సగటు ఈయనదే. తర్వాత అట్లాంటా హాక్స్ టీమ్‌కి వెళ్లారు. బెస్ట్ డిఫెండర్ అవార్డు 1995, 97, 98, 2001లో, మొత్తం నాలుగుసార్లు వచ్చింది. అంతకన్నా ఎక్కువసార్లు ఎవరికీ రాలేదు.

ఇక ఆ వేలు. షాట్ తిప్పికొట్టగానే చూపుడువేలు పైకెత్తి, అటూ ఇటూ నెమ్మదిగా ఊపడం. చక్కెర డబ్బా మీద చెయ్యి వేసిన పిల్లాడికి అమ్మమ్మ చూపించే వేలు అది. కోపం ఉండదు, మాట ఉండదు, "ఊహూ, ఇక్కడ కాదు" అంతే. ఎదుటి ఆటగాడి ముఖం మీద ఊపుతున్నారని లీగ్ టెక్నికల్ ఫౌల్ (ప్రవర్తన బాగాలేదని వేసే ఫౌల్) ఇవ్వడం మొదలుపెడితే, ఈయన జనం వైపు తిరిగి ఊపడం మొదలుపెట్టారు. 1997లో జోర్డాన్ ఈయన మీదుగా ఎగిరి బంతిని రింగులోకి కుక్కి (డంక్ చేసి) అదే వేలు తిరిగి ఊపాడు, దానికి టెక్నికల్ కూడా పడింది. ఒక ఆటగాడి సంతకాన్ని జోర్డాన్ అంతటివాడు వాడుకున్నాడంటే అంతకన్నా గౌరవం ఏముంటుంది?

మెచ్చుకోవడానికే రివ్యూ చేస్తే అది రివ్యూ కాదు కాబట్టి ఇదీ చెప్పాలి. అటాక్‌లో ఆయన మామూలు ఆటగాడు. హుక్ షాట్ బిగుసుకుపోయినట్టు ఉండేది, ఫ్రీ త్రోలు 68 శాతం. రీబౌండ్ పట్టుకుని తిరిగేటప్పుడు ఆ మోచేతులు తగిలి దెబ్బలు తిన్నవాళ్లు చాలామంది, ఎదుటి టీమ్‌వాళ్లే కాదు, సొంత టీమ్‌వాళ్లు కూడా. డిఫెన్స్‌కి పదికి పది, అటాక్‌కి పదికి ఐదు వేస్తాను నేను. ఐదు కూడా కాస్త అభిమానంతోనే.

2001 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా టీమ్‌కి మారారు. అక్కడ అలెన్ ఐవర్సన్, ఆయనా జార్జ్‌టౌన్‌లో థామ్సన్ దగ్గర ఆడినవాడే. ఫైనల్స్‌కి ముందు రౌండ్‌లో మిల్వాకీతో ఏడో మ్యాచ్‌లో ముటోంబో 23 పాయింట్లు, 19 రీబౌండ్లు, 7 బ్లాకులు. అటాక్‌కి ఐదు వేశానన్నాను కదా, ఆ ఒక్క రాత్రి లెక్కలోకి తీసుకోలేదు! ఫైనల్స్‌లో ఎదురుగా లేకర్స్ టీమ్, వాళ్ల సెంటర్ షకీల్ ఓనీల్, ముద్దుగా షాక్. షాక్ భుజంతో నెట్టుకుంటూ లోపలికి వస్తుంటే 34 ఏళ్ల ముటోంబో అడుగు అడుగుకీ వెనక్కి జరుగుతూనే చేతులు మాత్రం దించకుండా నిలబడ్డారు. మొదటి మ్యాచ్ గెలిచారు, తర్వాత నాలుగూ పోయాయి. షాక్ సగటు 33 పాయింట్లు. కొండని కూడా తోసుకుంటూ పోయే బుల్డోజర్ ఒకటి ఉంటుంది, ఏం చేస్తాం. ఛాంపియన్‌షిప్ ఉంగరం ఆయన చేతికి ఎప్పటికీ రాలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

నెట్స్ టీమ్‌లో ఆడుతూ 2003లో ఇంకో ఫైనల్స్, తర్వాత నిక్స్ టీమ్, అక్కడి నుంచి హ్యూస్టన్ రాకెట్స్. హ్యూస్టన్ రోజులు నాకు చాలా ఇష్టం. 40 ఏళ్లకి, 2007 మార్చిలో, తన పాత టీమ్ డెన్వర్ మీద ఒకే మ్యాచ్‌లో 22 రీబౌండ్లు పట్టారు. ఆ ఏడాదే కరీమ్ అబ్దుల్ జబ్బార్‌ని దాటి కెరీర్ బ్లాకుల్లో రెండో స్థానానికి వచ్చారు. చివరికి 3,289. ముందున్నది ఒక్క హకీమ్ ఒలాజువాన్, 3,830. ఆయనా ఆఫ్రికావారే, నైజీరియా. 2008లో ఆ టీమ్ సెంటర్ యావో మింగ్‌కి గాయమైతే, రాకెట్స్ వరసగా 22 మ్యాచ్‌లు గెలిచిన ఆ పరుగు మధ్యలో సెంటర్ బాధ్యత ఈ 41 ఏళ్లాయనే భుజాన వేసుకున్నారు. 2009 ఏప్రిల్లో పోర్ట్‌లాండ్‌తో ప్లేఆఫ్ మ్యాచ్‌లో మోకాలు దెబ్బతింది. మళ్లీ ఆడలేదు.

కోర్టు బయట విషయం చెప్పకుండా ఈ కెరీర్ పూర్తికాదు. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌కి జైర్ మహిళల బాస్కెట్‌బాల్ టీమ్ వచ్చింది. వాళ్ల యూనిఫామ్‌లు, ఖర్చులు ఈయనే పెట్టుకున్నారు. తర్వాత కొద్దికాలానికి కిన్షాసాలో గొడవలు, కర్ఫ్యూ. ఆరోగ్యం పాడైన వాళ్లమ్మ బియాంబా మేరీని రోడ్లు మూసేయడంతో ఆసుపత్రికి తీసుకెళ్లలేకపోయారు. ఆవిడ ఇంట్లోనే పోయారు. డాక్టర్ అవుదామని దేశం దాటిన కొడుకు. లోకంలో ఎవరి షాట్ అయినా ఆపగల చేతులు. ఆ రాత్రి ఆయన ఎక్కడో దూరంలో ఉన్నారు.

2007లో కిన్షాసా శివార్లలో, మసీనాలో, 300 పడకల ఆసుపత్రి తెరుచుకుంది. పేరు బియాంబా మేరీ ముటోంబో హాస్పిటల్. ఖర్చు 2.9 కోట్ల డాలర్లు, అందులో సగానికి పైగా ఆయన సొంత డబ్బు. అప్పటికి ఆయన ఇంకా ఆడుతూనే ఉన్నారు. ఉదయం ప్రాక్టీసు, సాయంత్రం విరాళాల కోసం ఫోన్లు, ఆ వయసులో అలాంటి రోజులు ఎన్ని గడిపి ఉంటారో.

మీరు ఒక్క మ్యాచే చూడగలిగితే 1994 సియాటిల్ ఐదో మ్యాచ్ చూడండి. మొత్తం చూసే టైమ్ లేకపోతే నాలుగో క్వార్టర్ నుంచి మొదలుపెట్టండి. బంతి వెంట కళ్లు పరుగెత్తించకండి. డెన్వర్ బాస్కెట్ కింద 55 నంబర్ జెర్సీ ఎక్కడుందో అది మాత్రమే చూడండి. సియాటిల్ ఆటగాళ్లు లోపలికి వచ్చి, తలెత్తి చూసి, షాట్ వేయకుండా బంతిని మళ్లీ బయటికి పాస్ చేయడం ఎన్నిసార్లు జరిగిందో లెక్కపెట్టి కామెంట్‌లో రాయండి. నా లెక్క కూడా అక్కడే పెడతాను, కలిపి చూసుకుందాం.