మొరగని టైగర్

శ్రోతలకు నమస్కారం.

గ్రేహౌండ్స్ అనగానే మన తెలుగువాళ్లకు ముందుగా గుర్తొచ్చేది 1989లో ఏర్పడిన పోలీసు దళం. అడవుల్లో రాత్రింబవళ్లు నడిచే కమాండోలు. గ్రేహౌండ్ అనే జాతి కుక్క వేగాన్ని తలుచుకునే ఆ పేరు పెట్టి ఉంటారు. గంటకు 60 కిలోమీటర్లు దాటి పరుగెత్తే జంతువు మరి. కానీ ఉరుములు ఉరిమే ఒక్క రాత్రి ఆ కుక్కతో గడిపి ఉంటే, ఒక్క రాత్రి చాలు, ఇంకో పేరు వెతుక్కునేవారేమో! మా ఇంట్లో ఉన్న గ్రేహౌండ్ మబ్బు ఉరిమితే మంచం కిందకు దూరుతుంది. కుక్కరు మూడో కూత వేసేలోపు వంటింటి గడప దాటి వెళ్లిపోతుంది. దాని పేరు టైగర్.

ఆ పేరు నేను పెట్టలేదు. బెంగళూరులో ఉండే మా మేనల్లుడు పెట్టాడు. విదేశం వెళ్లిపోతూ, "అత్తా, నువ్వు పశువుల డాక్టరువి, నీకంటే బాగా ఎవరు చూసుకుంటారు?" అని తిరుపతి తెచ్చి మా ఇంట్లో వదిలాడు. నిజమే, నేను పశువుల డాక్టరునే. 1955లో మొదలైన మన తిరుపతి పశువైద్య కళాశాలలోనే చదువుకున్నాను. కానీ నా ఉద్యోగమంతా పాల ఆవులతో గడిచింది. పలమనేరు వైపు పల్లెల్లో జెర్సీ ఆవు ఈనలేక అవస్థ పడుతోందంటే అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని వెళ్లినదాన్ని. పొదుగువాపు గురించి అడగండి, గంటసేపు చెబుతాను. గ్రేహౌండ్ గురించి మాత్రం నాకు తెలిసింది తక్కువ, తెలుసనుకున్నది ఎక్కువ. ఆ తేడా ఎంతో ఒక జాతర సాయంత్రం తెలిసొచ్చింది. ఈరోజు ఆ సాయంత్రం సంగతే చెబుతాను.

తిరుపతివాళ్లకు తాతయ్యగుంట గంగమ్మ జాతర గురించి నేను చెప్పనక్కర్లేదు. దూరం నుంచి వింటున్నవారి కోసం ఒక్క మాట. మే నెలలో, చాటింపు అయిన దగ్గర్నుంచి వారం రోజుల పాటు ఊరు ఊరంతా వేషం కడుతుంది. బైరాగి వేషం, బండ వేషం, దొర వేషం, మాతంగి వేషం. పంబలు, డప్పులు, వేపమండలు. మా వీధి మీదుగానే జనం గుడికి వెళ్తారు.

ఆ రోజు బండ వేషం. సాయంత్రం ఐదున్నర అయినా ఎండ తగ్గలేదు. వీధి చివర డప్పులు మొదలయ్యాయి. వీధిలో ఉన్న కుక్కలన్నీ ఒకటే మొరుగుడు. టైగర్ మొరగలేదు. వాకిట్లో తులసికోట పక్కన నిలబడ్డాడు. అలా నిలబడే ఉన్నాడు. మా వారు మురిసిపోయారు. "చూశావా, జాతి కుక్క అంటే ఇదీ! కిక్కురుమనడం లేదు" అన్నారు. ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్న డాక్టరును, నేనూ చూసి, "అవునండీ, భలే నిబ్బరం" అన్నాను.

ఆ నిబ్బరం ఎలా ఉందో ఇప్పుడు చెబుతాను వినండి. తోక పొట్ట కిందకు ముడుచుకుపోయింది. చెవులు వెనక్కి వెళ్లి మెడకు అంటుకున్నాయి. మధ్యమధ్య నాలుక చాపి ముక్కు నాక్కుంటున్నాడు. వెనక తొడలు సన్నగా వణుకుతున్నాయి. ఎదురుగా వేసిన బిస్కెట్టు వేసినచోటే ఉంది. ఇవన్నీ నా కంటికి కనిపించాయి, బుర్రకు ఎక్కలేదు. వాడు మొరగలేదు కాబట్టి భయపడలేదనుకున్నాను.

ఆవు బెదిరితే తాడు తెంచుకుంటుంది. వీధికుక్క బెదిరితే వీధంతా లేపుతుంది. గ్రేహౌండ్ బెదిరితే చాలాసార్లు రాయిలా బిగుసుకుపోతుంది. వాహ్యాళికి తీసుకెళ్తే నడిరోడ్డు మీద హఠాత్తుగా ఆగిపోయి బొమ్మలా నిలబడే గ్రేహౌండ్లను చూస్తుంటాం. మొండికేసిందని గొలుసు పట్టుకుని లాగుతాం. పాపం, దానికి కాళ్లు రావడం లేదంతే.

సరే, ఆ సాయంత్రానికి వద్దాం. పక్కింటి పిల్లవాడు, పదేళ్లుంటాయి, ఒంటినిండా కుంకుమ పూసుకుని, చేతిలో వేపమండలతో, "అవ్వా, నా వేషం చూడు!" అంటూ పరుగెత్తుకొచ్చాడు. వస్తూ వస్తూ వెనక నుంచి టైగర్ వీపు మీద చెయ్యి వేశాడు. అంతే. ఆ రాయి బాణమైపోయింది. నేను మెడపట్టీ అందుకున్నాను. పట్టీ నా చేతిలోకి వచ్చేసింది, కుక్క వెళ్లిపోయింది! గ్రేహౌండ్‌కు మెడ లావు, తల సన్నం. మామూలు పట్టీ వెనక్కి లాగితే తల మీదుగా జారిపోతుంది. లాగినప్పుడు మెడకు తగినంత మాత్రమే బిగిసే వెడల్పాటి పట్టీ వేరే ఉంటుంది. ఆ సంగతి నేను మర్నాడు తెలుసుకున్నాను.

మా వారు గేటుకు అడ్డం పడబట్టి వాడు వీధిలోకి పోలేదు. కానీ తిరిగే వేగంలో గేటు రేకు అంచు తొడకు తగిలింది. వీధికుక్కకైతే ఒక గీత పడేది. వీడికి జానెడు పొడవున చర్మం విచ్చుకుంది. ఉడకబెట్టిన టమాటా మీద తొక్క ఎలా ఊడివస్తుందో, అలా. గ్రేహౌండ్ చర్మం అంత పలచన, దాని కింద కొవ్వు కూడా పెద్దగా ఉండదు. పిల్లవాడి చేతి కుంకుమ కూడా వాడి ఒంటికి అంటుకుంది. ఏది కుంకుమో ఏది రక్తమో తెలియక నా చేతులు ఆడలేదు. పిల్లవాడు ఏడుపు. డప్పులు అప్పటికి మా గుమ్మం ముందుకు వచ్చేశాయి.

గాయం మీద శుభ్రమైన గుడ్డ అదిమిపెట్టి, థర్మామీటరు పెట్టి చూశాను. 105 దాటింది. కుక్కకు మామూలుగా 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ ఉంటుంది. వాడు పరుగెత్తింది పట్టుమని పది గజాలు. మరి ఆ వేడి ఎక్కడిది? భయానిది. గ్రేహౌండ్ ఒళ్లంతా కండ. భయంతో ఆ కండలు బిగిసి వణికితే పొయ్యి రాజేసినట్టే. దానికి తిరుపతి మే నెల తోడైంది. గాయానికి తగలకుండా ఒంటి మీద కుళాయి నీళ్లు పోసి ఫ్యాను కింద ఉంచాం. తడిగుడ్డ చుట్టి వదిలేయకూడదు, అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. 103కు దిగాక నీళ్లు ఆపి, వెనక సందులో నుంచి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం.

అక్కడ చిన్న వయసు డాక్టరు ఉన్నాడు. నా శిష్యుల శిష్యుడయ్యే వయసు. నేను పెద్దరికం చూపించి, "థయోపెంటాల్ మత్తు ఇచ్చి కుట్లు వేసేయి నాయనా" అన్నాను. అతను తల దించుకుని, చాలా మర్యాదగా, "మేడమ్, గ్రేహౌండ్‌కు అది వద్దండి" అన్నాడు. ఆ మత్తును విరగ్గొట్టే పని గ్రేహౌండ్ కాలేయంలో బాగా నెమ్మదిగా జరుగుతుందట. ఒంట్లో కొవ్వు కూడా తక్కువ కాబట్టి మందు రక్తంలోనే తిరుగుతుంది. మిగతా కుక్కలు లేచి నడిచే సమయానికి గ్రేహౌండ్ ఇంకా లేవదు, కొన్నిసార్లు అసలు లేవకపోవచ్చు. అతను వేరే మత్తు ఇచ్చి కుట్లు వేశాడు. వెళ్లేటప్పుడు, "రేపూ ఎల్లుండీ కట్టు చూస్తూ ఉండండి, వీటికి ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజులకు కూడా రక్తం కారవచ్చు" అని చెప్పాడు. నేను చేతులు కట్టుకుని విన్నాను.

అసలు విషయం రక్తపరీక్ష కాగితం దగ్గర ఉంది. రిపోర్టు చేతికి రాగానే నా గుండె జారింది. ప్లేట్‌లెట్లు 1,15,000. మామూలు కుక్కకు రెండు లక్షలైనా ఉండాలి. మన ప్రాంతంలో పిడుదులకు కొదవ లేదు, అవి అంటించే జ్వరాలకూ కొదవ లేదు. ఎర్లీషియా అనే పిడుదు జ్వరం అనుకున్నాను. మళ్లీ ఆ చిన్న డాక్టరే, "మేడమ్, వీటికి ఇంతే ఉంటాయండి" అన్నాడు. గ్రేహౌండ్‌కు ప్లేట్‌లెట్లు తక్కువ, తెల్లకణాలు కాస్త తక్కువ, థైరాయిడ్ తక్కువ. ఎర్ర కణాల శాతం మాత్రం ఎక్కువ. మామూలు కుక్కకు 37 నుంచి 55 అని ప్రయోగశాల పట్టికలో అచ్చువేసి ఉంటుంది. టైగర్‌కు 58. రక్తం చిక్కబడిందనీ, ఒంట్లో నీళ్లు లేవనీ ఎవరైనా అనుకుంటారు.

దీన్ని తిరగేసి చూడండి. రేపు నిజంగానే పిడుదు జ్వరం వచ్చి, ఆ 58 కాస్తా 40కి పడిపోయిందనుకుందాం. పట్టికలో 40 అంటే మామూలే! "ఏమీ లేదు, బాగానే ఉంది" అంటారు. అది బాగానే లేదు, రక్తం హరించుకుపోతోంది. ఈ సంగతి ఎప్పుడు తెలుస్తుంది? ఒంట్లో బాగున్న రోజున దానికి 58 ఉండేదని మీ దగ్గర కాగితం ఉంటేనే తెలుస్తుంది.

గడియారం వైపు చూస్తున్నాను, కొన్ని గబగబా చెప్పేస్తాను. గ్రేహౌండ్ కుంటుతుంటే ముందు అరికాలి మెత్తలు చూడండి, మనుషులకు వచ్చినట్టే ఆనెకాయలు వస్తాయి. పెద్ద వయసులో కుంటు తగ్గకపోతే మాత్రం ఎముక క్యాన్సర్ ఏమో చూపించాలి, ఆలస్యం చేయకూడదు. పళ్లకు గార త్వరగా పడుతుంది, రోజూ తోమాలి. కడుపు ఉబ్బి, వాంతికి ప్రయత్నిస్తూ ఏమీ రాకపోతే కడుపు మెలిపడిందేమోనని అనుమానించండి. అది తెల్లవారేదాకా ఆగే జబ్బు కాదు. ఇంకొకటి, ఇది కళ్లు అరమోడ్చి నిద్రపోతుంది. మెలకువగానే ఉందనుకుని పిల్లలు మీద పడితే ఉలిక్కిపడి కరవవచ్చు. ముందు దూరం నుంచి పేరు పెట్టి పిలవాలి. మా వారు ఇప్పటికీ మరిచిపోతుంటారు. పలచటి ఒళ్లున్న మన చిప్పిపారై, ముధోల్ కుక్కలను పెంచేవారు కూడా ఎండ విషయంలో, గాయాల విషయంలో ఈ జాగ్రత్తలు పాటించవచ్చు.

ఇక నేను చేసిన పని ఒక్కటే చెప్పి ముగిస్తాను. రెండు వందల పేజీల నోటుపుస్తకం కొన్నాను. టైగర్ ఒంట్లో బాగున్న రోజు రక్తపరీక్ష చేయించి ఆ కాగితం మొదటి పేజీకి అంటించాను. తర్వాతి పేజీల్లో ప్రశాంతంగా ఉన్న రోజున వాడు ఎలా ఉంటాడో రాశాను. తోక ఎక్కడ ఉంటుంది, చెవులు ఎలా ఉంటాయి, ఎంత తింటాడు, ఒంటి వేడి ఎంత చూపిస్తుంది, ఎన్ని గంటలు పడుకుంటాడు. పడుకోవడం గురించి రాయడానికే ఎక్కువ కాగితం పట్టింది! వాడు నోరు విప్పి చెప్పడు. చెప్పని వాడి మామూలు రోజు ముందే రాసి ఉంటేనే మామూలుగా లేని రోజు తెలుస్తుంది.

ఆ పుస్తకం పెట్టుకునే మరుసటి జాతరకు సిద్ధమయ్యాం. రెండు నెలల ముందు నుంచి రోజూ ఐదు నిమిషాలు ఫోనులో డప్పుల మోత వినిపించేదాన్ని. మొదట్లో నాకే వినపడనంత సన్నగా. అది వినిపిస్తున్నంతసేపూ గిన్నెలో పెరుగన్నం. చెవులు వెనక్కి వెళ్లాయా, శబ్దం తగ్గించేయడమే. తింటున్నాడా, మరో నాలుగు రోజులకు ఒక్క మెట్టు పెంచడం. పక్కన కూర్చుని నిమిరితే భయం అలవాటవుతుందని కొందరంటారు, నమ్మకండి. భయపడ్డ ప్రాణి పక్కన కూర్చోవడంలో తప్పేమీ లేదు. ఆ చిన్న డాక్టరు భయం తగ్గే మందు కూడా రాసిచ్చాడు, శబ్దం మొదలవక ముందే వేయాలన్నాడు. కదలకుండా పడేసే మత్తు మాత్రలు మాత్రం అడగవద్దన్నాడు. వాటిలో కొన్ని ఒంటిని కట్టేస్తాయి, లోపల భయం అలాగే ఉంటుంది. మొరగని కుక్కను ఇంకా మూగ చేయడమే అది.

ఈ ఏడు జాతరకు ఇక వారమే ఉంది కాబట్టి రెండు నెలల సాధనకు వ్యవధి లేదు. అయినా వీధికి దూరంగా ఉన్న గదిలో కిటికీలు మూసి, ఫ్యాను వేసి, దుప్పటి పరిచి ఉంచవచ్చు. డాక్టరును ఇప్పుడే కలవవచ్చు. వాహ్యాళి తెల్లవారుజామునే ముగించవచ్చు.

మా నోటుపుస్తకంలో పోయినేడాది బండ వేషం రోజు రాసిన పేజీ నా చేతిలో ఉంది, చదువుతాను. "సాయంత్రం 5.40. డప్పులు వీధి చివర. చెవులు వెనక్కి. తోక కిందకు, పొట్టకు అంటలేదు. 102.4. సాయంత్రం 6.05. డప్పులు గుమ్మం ముందు. వణుకు ఉంది. లేచి మూలకు వెళ్లాడు. 6.20. గిన్నె దగ్గరికి వచ్చాడు. పెరుగన్నం సగం తిన్నాడు."

నమస్కారం.