ముందే నిర్ణయమైతే ప్రార్థన ఎందుకు? కాల్విన్ సిద్ధాంతంపై విశాఖ స్టూడియోలో చర్చ

(విశాఖపట్నంలో రికార్డు చేసిన చర్చా కార్యక్రమానికి అక్షర రూపం. పాల్గొన్నవారు: ఒక బాప్టిస్టు సంఘ కాపరి, సంఘ చరిత్ర బోధించే అధ్యాపకురాలు, ఉత్తరాంధ్ర గ్రామాల్లో సువార్త సభలు జరిపే మెథడిస్టు సువార్తికుడు.)

వ్యాఖ్యాత: ప్రేక్షకులందరికీ వందనాలు. ఈమధ్య ఆరాధన ముగియగానే యువకులు పాస్టరుగారి చుట్టూ చేరి అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: "అయ్యగారూ, మనం కాల్వినిస్టులమా?" ఆ పేరు వింటే కొందరికి ఉత్సాహం, కొందరికి భయం. ఆ బోధ ఏమిటో, దానికి లేఖనాల్లో ఆధారం ఎక్కడుందో ఈ రోజు తెలుసుకుందాం. మేడమ్, ముందు ఆ మనిషి గురించి చెప్పండి.

అధ్యాపకురాలు: జాన్ కాల్విన్ 1509లో ఫ్రాన్సులో పుట్టాడు. న్యాయశాస్త్రం చదివాడు. కతోలిక సంఘాన్ని సంస్కరించాలన్న సంస్కరణవాదుల పక్షం చేరినందుకు దేశం విడిచి పోవలసి వచ్చింది. 1536లో, ఇరవై ఆరేళ్ల వయసులో, క్రైస్తవ విశ్వాస సారాన్ని వివరిస్తూ ఒక పుస్తకం ప్రచురించాడు. అప్పుడు అందులో ఆరు అధ్యాయాలే. జీవితమంతా దాన్ని దిద్దుతూ, పెంచుతూ పోయాడు. 1559 నాటికి అది ఎనభై అధ్యాయాల గ్రంథమైంది. నేటి స్విట్జర్లాండులోని జెనీవా నగరంలో పరిచర్య చేశాడు. ఆ నగరం అతణ్ణి ఒకసారి వెళ్లగొట్టింది, మూడేళ్లకు తిరిగి పిలిపించుకుంది. 1564లో అక్కడే చనిపోయాడు. తన సమాధి మీద గుర్తు కూడా పెట్టవద్దని కోరాడు. ఇక అసలు సంగతి. కాల్విన్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ముందస్తు నిర్ణయం, అంటే ఎవరు రక్షణ పొందాలో దేవుడు ముందే నిర్ణయించి ఏర్పరచుకున్నాడన్న బోధ. దాన్నే ఏర్పాటు అని కూడా అంటాం. ఆ ఎనభై అధ్యాయాల్లో దానికి కేటాయించినవి నాలుగే. అవి కూడా పుస్తకం మొదట్లో లేవు. విశ్వాసం గురించి, మారుమనస్సు గురించి, నీతిమంతులుగా తీర్చబడటం గురించి చెప్పి, ప్రార్థన గురించి చాలా పెద్ద అధ్యాయం రాసి, ఆ తర్వాతే ఏర్పాటు మాట ఎత్తాడు.

వ్యాఖ్యాత: ఆ వరుసకు అంత ప్రాముఖ్యం ఉందంటారా?

అధ్యాపకురాలు: ఎంతో ఉంది. మోకాళ్ల మీద ఉన్న విశ్వాసికి అతడు ఈ మాట చెబుతున్నాడు: "నువ్వు ఇక్కడికి ఎలా వచ్చావో తెలుసా? నిన్ను తెచ్చినవాడు ఆయనే." బయట నిలబడినవాడి ముఖాన తలుపు వేయడానికి రాసిన అధ్యాయాలు కావవి. వాటిని ముందుకు లాగి మొదటి పాఠంగా చెబితే అదే బోధ వేరే రూపం దాలుస్తుంది. నేడు మన యువకులు వింటున్నది ఎక్కువగా ఆ రూపమే.

సువార్తికుడు: వరుస మారిస్తే విషయం మారదు కదా మేడమ్. దేవుడు కొందరిని ఏర్పరచుకున్నాడు, కొందరిని విడిచిపెట్టాడు అన్నది ఏ అధ్యాయంలో పెట్టినా అదే మాట.

అధ్యాపకురాలు: నిజమే. కాల్విన్ కూడా దాన్ని దాచలేదు.

వ్యాఖ్యాత: అయితే కాల్వినిజం అనగానే అందరూ చెప్పుకొనే ఆ ఐదు అంశాలు, అంటే సంపూర్ణ భ్రష్టత్వం, షరతులు లేని ఏర్పాటు, క్రీస్తు ఏర్పరచబడినవారి కోసమే మరణించాడన్నది, ఎదిరింపరాని కృప, పరిశుద్ధుల నిలకడ, ఇవి కాల్విన్ రాసినవేనా?

అధ్యాపకురాలు: కాదు. నెదర్లాండ్స్‌లో ముందస్తు నిర్ణయం విషయంలో కాల్విన్ బోధతో విభేదించిన ఆర్మీనియస్ అనే వేదాంతి ఉండేవాడు. అతడు 1609లో చనిపోయాడు. మరుసటి ఏడాది అతని అనుచరులు ఐదు అంశాలతో ఒక విన్నపం సమర్పించారు. దానికి జవాబుగా 1618, 1619 సంవత్సరాల్లో డోర్ట్ పట్టణంలో మహాసభ జరిగింది. ఇంగ్లండు, జర్మనీ, స్విట్జర్లాండు నుంచి కూడా ప్రతినిధులు వచ్చారు. ఆ సభ తీర్మానాలే నేటి ఐదు అంశాలకు మూలం. అప్పటికి కాల్విన్ చనిపోయి అర్ధ శతాబ్దం దాటింది. వాళ్లు అడిగినవి ఐదు కాబట్టి జవాబులూ ఐదయ్యాయి. సంస్కరణ సంఘాల విశ్వాసమంతా ఆ ఐదింటిలోనే ఉందనుకోవడం పొరపాటు.

వ్యాఖ్యాత: పాస్టరుగారూ, మొదటి అంశం దగ్గరే చాలామందికి అభ్యంతరం. సంపూర్ణ భ్రష్టత్వం అంటారు. మా పక్కింటివాళ్లు క్రైస్తవులు కారు, ఎంతో మంచివాళ్లు. వాళ్లను భ్రష్టులు అనాలా?

పాస్టరు: మనిషి ఎంత చెడ్డగా ఉండగలడో అంత చెడ్డగా ఉన్నాడని ఆ మాటకు అర్థం కాదమ్మా. మన తీరప్రాంతంలో బావిలోకి సముద్రపు నీరు ఊరితే ఏ మూల చేద వేసినా ఉప్పే తగులుతుంది. అలాగని బావి నిండా ఉప్పు పేరుకుపోయిందని అనం. పాపం కూడా అంతే. బుద్ధిని, కోరికను, చిత్తాన్ని దేన్నీ ముట్టకుండా వదల్లేదు. పౌలు ఎఫెసీయులకు రాస్తూ, మీరు పాపముల చేత చచ్చినవారై ఉండగా దేవుడు బ్రతికించాడంటాడు. జబ్బుపడ్డారని అనలేదు. ఇక పొరుగువాళ్ల మంచితనం గురించి కాల్వినే రాశాడు. క్రీస్తును ఎరుగని న్యాయవేత్తలు, వైద్యులు, తత్త్వవేత్తలు మనకిచ్చిన జ్ఞానం దేవుని ఆత్మ ఇచ్చిన వరమేనని, దాన్ని తృణీకరిస్తే ఆ ఆత్మనే అవమానించినట్టని హెచ్చరించాడు. అది చదివినవాడు పొరుగువాణ్ణి చిన్నచూపు చూడలేడు.

వ్యాఖ్యాత: మరి చచ్చినవాడు ఎలా నమ్ముతాడు?

పాస్టరు: అపొస్తలుల కార్యములు పదహారో అధ్యాయం చూడండి. ఫిలిప్పీలో నది ఒడ్డున కొందరు స్త్రీలు కూర్చున్నారు. వారిలో లూదియ అనే ఊదారంగు పొడి అమ్మే వ్యాపారి ఉంది. పౌలు మాట్లాడాడు, ఆమె విన్నది. లూకా ఏం రాశాడు? "ప్రభువు ఆమె హృదయము తెరచెను." ఎవరూ ఆమె మెడ వంచి నమ్మించలేదు. ఇష్టపడే నమ్మింది. ఆ ఇష్టం పుట్టించినవాడు ప్రభువు. కృప ఎదిరింపరానిది అన్నప్పుడు మేము చెప్పేది ఇదే. యోహాను ఆరో అధ్యాయంలో ప్రభువే అంటాడు, తండ్రి ఆకర్షిస్తేనే గాని ఎవడూ నా యొద్దకు రాలేడని.

సువార్తికుడు: ఇక్కడ నేను ఆగాలి అయ్యగారూ. అదే యోహాను పన్నెండో అధ్యాయంలో, నేను పైకెత్తబడినప్పుడు అందరినీ నా యొద్దకు ఆకర్షించుకొంటానని కూడా ప్రభువే అన్నాడు. తిమోతికి రాసిన పత్రికలో మనుష్యులందరూ రక్షణ పొందాలని దేవుడు ఇచ్ఛయిస్తున్నాడని ఉంది. మొదటి యోహాను రెండులో క్రీస్తు సర్వలోకానికీ శాంతికరమై ఉన్నాడని ఉంది. ఆయన కొందరి కోసమే మరణించాడంటే, రేపు సభలో ఎదురుగా కూర్చున్న జాలరివాడితో "క్రీస్తు నీ కోసం మరణించాడు" అని నేను ఎలా చెప్పను? మా మెథడిస్టు ఉద్యమాన్ని ప్రారంభించిన జాన్ వెస్లీని కలవరపెట్టింది కూడా ఇదే.

పాస్టరు: క్రీస్తు ఏర్పరచబడినవారి కోసమే మరణించాడన్న మూడో అంశం బరువైనదని ఒప్పుకుంటాను. మాలోనే దాని మీద భేదాభిప్రాయాలు ఉన్నాయి. కానీ డోర్ట్ సభ క్రీస్తు మరణం విలువకు హద్దు గీయలేదు. సర్వలోక పాపాలకూ అది సమృద్ధిగా చాలినదని స్పష్టంగా రాసింది. ఆ మరణం ద్వారా ఎవరి రక్షణను తప్పక నెరవేర్చాలని దేవుడు సంకల్పించాడన్నదే ప్రశ్న. గొర్రెల కొరకు నా ప్రాణం పెడుతున్నానని ప్రభువు అన్న మాట నుంచి వాళ్లు 'ఏర్పరచబడినవారిదే' అన్న జవాబుకు వచ్చారు. జాలరివాడితో నేను చెప్పేది ఇది: "క్రీస్తు పాపుల కోసం మరణించాడు. నమ్మి రా, నిన్ను త్రోసివేయడు." అపొస్తలులు ప్రకటించింది అదే.

సువార్తికుడు: మీరు అలా చెప్పడం నేను విన్నాను కాబట్టి నమ్ముతాను. కానీ ఈ బోధ తలకెక్కి ఇంటింటి సువార్తకు వెళ్లడం మానేసిన కుర్రాళ్లను కూడా చూశాను. ఏర్పరచబడినవాళ్లు ఎలాగూ వస్తారట!

అధ్యాపకురాలు: ఆ కుర్రాళ్లను మన ఊరి చరిత్ర చదవమనాలి. 1805లో ఇదే విశాఖపట్నంలో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ దిగారు. తెలుగువారి మధ్య తొలి ప్రొటెస్టంటు మిషన్ అదే. వారిని పంపిన సంఘాల్లో ఎక్కువ భాగం కాల్విన్ బోధను అంగీకరించినవే. ఆనందరాయరు అనే బ్రాహ్మణ విశ్వాసి సాయంతో సువార్తలను తెలుగులోకి తెచ్చే పని సాగించారు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఇద్దరిలో ఒక్కరూ ఆ పుస్తకాన్ని చేతితో పట్టుకోలేదు. ఆ అచ్చుకూటం నడిపిన విలియం కేరీ కూడా ఏర్పాటును నమ్మిన బాప్టిస్టే. ఆ నమ్మకం వాళ్లను ఇంట్లో కూర్చోబెట్టలేదు.

పాస్టరు: కొరింథులో భయపడుతున్న పౌలుతో ప్రభువు ఏమన్నాడు? మాటలాడుము, మౌనంగా ఉండకుము, ఈ పట్టణంలో నాకు బహు జనమున్నది అన్నాడు. వాళ్లు ఇంకా నమ్మలేదు, అయినా నా జనమే అన్నాడు. దాంతో పౌలు అక్కడ ఏడాదిన్నర ఉండి బోధించాడు. ఫలితం దేవుని చేతిలో ఉందని తెలిసినవాడికే ఎదురుదెబ్బలు తిని నిలిచే ధైర్యం వస్తుంది.

వ్యాఖ్యాత: ఇదంతా మన తలరాత లాంటిదే కదా అని చాలామంది అడుగుతున్నారు.

పాస్టరు: కాదమ్మా, ఇది గట్టిగా చెప్పాలి. తలరాత అనేటప్పుడు రాసినవాడి మనసు ఎవరికీ పట్టదు. ఏం చేసినా అదే జరుగుతుందని చేతులు ముడుచుకుంటాం. ఎఫెసీ మొదటి అధ్యాయంలో ఏర్పరచుకొన్నవాడు తండ్రి. ప్రేమ చేత, క్రీస్తులో, కుమారులుగా స్వీకరించడానికి, పరిశుద్ధులుగా ఉండడానికి ఏర్పరచుకొన్నాడు. గమ్యం ఎంత నిశ్చయమో దారి కూడా అంతే నిశ్చయం. ప్రార్థన, వాక్యం, సువార్త, మారుమనస్సు అన్నీ ఆయన నియమించిన దారులే. యోసేపు అన్నలు అతణ్ణి అమ్మేశారు. తప్పు వాళ్లదే. అయినా మీరు కీడు ఉద్దేశించారు, దేవుడు దాన్ని మేలుకే ఉద్దేశించాడని యోసేపు అనగలిగాడు. దేవుని సంకల్పం మనిషి బాధ్యతను మింగేయదు.

సువార్తికుడు: ఆ రెండూ ఎలా పొసగుతాయో చెప్పండి.

పాస్టరు: లేఖనం రెండింటినీ చెప్పి ఊరుకుంది. నేనూ అక్కడే ఆగుతాను.

వ్యాఖ్యాత: మరో కఠినమైన ప్రశ్న. సెర్వేటస్ సంగతి?

అధ్యాపకురాలు: త్రిత్వాన్ని నిరాకరించినందుకు మైఖేల్ సెర్వేటస్‌ను 1553 అక్టోబరు 27న జెనీవాలో సజీవంగా కాల్చారు. శిక్ష వేసింది నగర మండలి. కానీ నేరం మోపడంలో కాల్విన్ హస్తం ఉంది, మరణశిక్షను అతడు సమర్థించాడు. కాల్చకుండా తల నరకమని కోరాడు, వాళ్లు వినలేదు. ఆ కాలమే అలాంటిదని నా విద్యార్థులు సర్దిచెప్పబోతే నేను ఒప్పుకోను. అది పాపం. కాల్విన్ వారసులే 1903లో ఆ చోట ప్రాయశ్చిత్తంగా ఒక శిల నిలిపారు. మనిషి భ్రష్టత్వం గురించి రాసినవాడు దానికి తాను మినహాయింపు కాడు.

వ్యాఖ్యాత: గాజువాక నుంచి ఒక సోదరి ఫోనులో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: వందనాలు అయ్యగారూ. నేను బాప్తిస్మం తీసుకుని చాలా ఏళ్లయింది. ఈ బోధ విన్నప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. నేను ఏర్పరచబడ్డానో లేదో ఎలా తెలుస్తుంది?

పాస్టరు: తల్లీ, మీ ప్రశ్న కాల్విన్‌కు బాగా తెలుసు. దేవుని రహస్య సంకల్పంలోకి తొంగిచూసి ఆ జవాబు వెదకవద్దన్నాడు. క్రీస్తు వైపు చూడమన్నాడు. మన ఏర్పాటును చూసుకునే అద్దం ఆయనే అని రాశాడు. మీరు వెదకాల్సింది పరలోకపు జాబితాలో మీ పేరు కాదు. క్రీస్తు మీకు కావాలా, అది చూసుకోండి. "నాయొద్దకు వచ్చువానిని నేనెంతమాత్రమును బయటికి త్రోసివేయను" అన్నాడు. ఆ వాక్యంలో మొదటి సగం, తండ్రి నాకు అనుగ్రహించువారందరూ నా యొద్దకు వస్తారని. రెండు సగాలూ ఒకే నోట వచ్చాయి. మీరు రెండో సగాన్ని పట్టుకుని రండి. మొదటి సగం సంగతి ఆయన చూసుకుంటాడు.

ఇంకొక మాట. పెదజాలరిపేటలో మా సంఘ సభ్యురాలు ఒకామె మతిమరుపు వ్యాధితో మంచాన ఉన్నారు. యాభై ఏళ్లు ప్రార్థన కూటాలు నడిపిన మనిషికి ఇప్పుడు పరలోక ప్రార్థన రెండో వాక్యం దాటి గుర్తుండదు. "పరలోకమందున్న మా తండ్రీ" అని మొదలుపెట్టి, ఆగిపోయి, దుప్పటి అంచు మడత పెడుతూ ఉంటారు. వాళ్ల అబ్బాయి వాకిట్లోకి వచ్చి నన్ను అడిగాడు, "అమ్మకు యేసుప్రభువే గుర్తు లేకపోతే ఇక అమ్మ విశ్వాసం ఏమైనట్టు అయ్యగారూ?" అని. రక్షణ ఆమె జ్ఞాపకం మీద ఆధారపడి ఉంటే నా దగ్గర జవాబు లేదు. యోహాను పది విప్పి చదివాను: "ఎవడును వాటిని నా చేతిలోనుండి అపహరింపడు." పరిశుద్ధుల నిలకడ అని పుస్తకాల్లో రాసే అంశం ఇదే. ఆమె ఆయనను పట్టుకున్న చెయ్యి సడలింది, ఆయన ఆమెను పట్టుకున్న చెయ్యి సడలలేదు.

సువార్తికుడు: ఆ అమ్మ విషయంలో మీ మాటకు ఆమేన్ అంటున్నాను. జబ్బు వల్ల మరచిపోవడం విశ్వాసభ్రష్టత కాదు. కానీ తెలిసి తెలిసి ప్రభువును వదిలినవాళ్ల గురించి హెబ్రీ ఆరులో ఉన్న హెచ్చరికను నేను తేలికచేయలేను.

పాస్టరు: తేలికచేయమని నేను అనను బ్రదర్. ఆ హెచ్చరికలతోనే దేవుడు తనవారిని దారి తప్పకుండా కాపాడతాడని మా నమ్మకం. వాటిని నేను కూడా నిండుగా ప్రసంగిస్తాను.

అధ్యాపకురాలు: ఈ వాదం పాతదే. వెస్లీ, కాల్విన్ బోధను నమ్మిన సువార్తికుడు జార్జ్ వైట్‌ఫీల్డ్ ఇద్దరూ స్నేహితులు. ఏర్పాటు విషయంలో బహిరంగంగా విభేదించారు, ఘాటుగా రాసుకున్నారు. 1770లో వైట్‌ఫీల్డ్ చనిపోతే లండన్‌లో స్మారక ప్రసంగం చేసింది వెస్లీ. యువకులు ఆ ఘాటైన ఉత్తరాలతో పాటు ఈ ప్రసంగం సంగతి కూడా తెలుసుకోవాలి.

వ్యాఖ్యాత: గాజువాక సోదరీ, ఇంకేమైనా అడుగుతారా?

శ్రోత: లేదమ్మా. ఆ వాక్యం ఎక్కడుందో మళ్లీ చెప్పండి.

పాస్టరు: యోహాను ఆరు, ముప్పై ఏడో వచనం. మొత్తం అధ్యాయం నెమ్మదిగా చదవండి.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. వచ్చే వారం రోమా తొమ్మిదో అధ్యాయం, యాకోబు ఏశావుల సంగతి తీసుకుందాం.

సువార్తికుడు: తొమ్మిదితో ఆపవద్దు. అక్కడ పౌలు మాట్లాడేది జనాంగాల గురించి అని నేను చూపిస్తాను. పదకొండు దాకా చదవాలి.

పాస్టరు: తప్పకుండా. ఆ మూడు అధ్యాయాలూ చదివి రమ్మని ప్రేక్షకులకు కూడా చెప్పండమ్మా.