యాక్సెస్ నుంచి ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి: ఎస్ఎస్ఎంఏ టూల్ ఎంతవరకు పనికొస్తుంది?

నమస్కారం అండీ. ఒకే యాక్సెస్ (మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ప్రోగ్రామ్) ఫైల్‌ని షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి ఆఫీసంతా వాడుతున్నారా? జనం పెరిగేకొద్దీ అది నెమ్మదిస్తోందా? తరచూ "కాంపాక్ట్ అండ్ రిపేర్" కొట్టాల్సి వస్తోందా? అయితే ఈ వీడియో మీకు పనికొస్తుంది. ఈ రోజు రివ్యూ మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఎస్‌క్యూఎల్ సర్వర్ మైగ్రేషన్ అసిస్టెంట్ ఫర్ యాక్సెస్ గురించి. యాక్సెస్ డేటాని మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సర్వర్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోకి మార్చే టూల్ ఇది. అందరూ ఎస్ఎస్ఎంఏ అంటారు. పాత యాక్సెస్‌లో ఇదే పనికి ఉండే అప్‌సైజింగ్ విజర్డ్‌ని 2013 వెర్షన్‌లో తీసేశారు. ఇప్పుడు ఈ పనికి వాడాల్సింది ఇదే.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. టేబుల్స్‌ని సర్వర్‌కి చేర్చే పని ఈ టూల్ చాలా బాగా చేస్తుంది. కానీ టేబుల్స్ సర్వర్‌కి వెళ్లినంత మాత్రాన మీ అప్లికేషన్ క్లయింట్-సర్వర్ అయిపోదు. వెతకడం, లెక్క కట్టడం కూడా సర్వర్ చేస్తేనే అవుతుంది. ఆ సగం పని మీ చేతుల్లోనే ఉంది. వీడియోలో ఎక్కువ సమయం దాని మీదే పెడతాను.

అసలు తేడా ఏంటో చూద్దాం. షేర్డ్ ఫోల్డర్‌లో ఉన్న యాక్సెస్ ఫైల్‌కి సర్వర్ అంటూ ఏమీ లేదు. ఫోల్డర్ ఉన్న కంప్యూటర్ ఫైల్‌లోని ముక్కల్ని అందిస్తుంది, అంతే. డేటాబేస్ ఇంజిన్ ప్రతి యూజర్ కంప్యూటర్‌లోనూ విడిగా నడుస్తుంది. చిట్టా పుస్తకాన్ని అందరూ తలా ఒక వైపు పట్టుకుని తామే రాసుకోవడం లాంటిది ఇది. క్లయింట్-సర్వర్‌లో పుస్తకం గుమాస్తా దగ్గరే ఉంటుంది, మనం అడిగితే ఆయనే చూసి చెబుతాడు, ఆయనే రాస్తాడు.

అందుకే ఒక యూజర్ రికార్డు సేవ్ చేస్తున్నప్పుడు వైఫై తెగితే, రాత సగంలో ఆగి ఫైల్ మొత్తం పాడైపోయే ప్రమాదం ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అయితే ప్రతి మార్పూ ముందు ట్రాన్సాక్షన్ లాగ్ అనే మార్పుల చిట్టాలోకి వెళ్తుంది. సగంలో ఆగిన పనిని అది వెనక్కి తీసేస్తుంది. నన్నడిగితే, వేగం కన్నా ఈ ఒక్క కారణం చాలు మారడానికి. యాక్సెస్ ఫైల్‌కి 2 జీబీ పరిమితి ఉందన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది.

ఇక టూల్‌లోకి వెళ్దాం. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక్క జాగ్రత్త. మీ ఆఫీస్ 32 బిట్ అయితే టూల్ కూడా 32 బిట్‌దే వేసుకోండి. లేకపోతే ఫైల్ తెరవడం దగ్గరే చిక్కొస్తుంది. మిగతాదంతా సాఫీగానే ఉంటుంది. ఎడమ వైపు మీ యాక్సెస్ ఫైల్ కనిపిస్తుంది, సర్వర్ వివరాలిస్తే దాని డేటాబేస్ కనిపిస్తుంది. డేటా కదిలించకముందే అసెస్‌మెంట్ రిపోర్ట్ తీయొచ్చు. ఏ టేబుల్‌లో ఏ ఇబ్బంది ఉందో ముందే చెబుతుంది. నాకు బాగా నచ్చిన ఫీచర్ ఇదే. దయచేసి దీన్ని దాటేయకండి.

పాత డేటాలోని తప్పులు కూడా ఇక్కడే బయటపడతాయి. 2019 అని కొట్టబోయి 219 అని పడిన తేదీలు కొన్ని పాత ఫైళ్లలో ఉంటాయి. యాక్సెస్ వాటిని ఒప్పుకుంటుంది, ఎందుకంటే దాని తేదీలు 100వ సంవత్సరం నుంచే మొదలవుతాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డేట్‌టైమ్ రకం మాత్రం 1753 నుంచే మొదలు. కాబట్టి ఆ రకం ఎంచుకుంటే ఆ వరసలు లోపలికి వెళ్లవు. టూల్ తనంతట తాను ఎంచుకునే డేట్‌టైమ్2 రకానికి ఆ ఇబ్బంది లేదు. కానీ విండోస్‌తో వచ్చే పాత ఓడీబీసీ డ్రైవర్‌తో (యాక్సెస్‌ని సర్వర్‌తో కలిపే ప్రోగ్రామ్) లింక్ చేస్తే యాక్సెస్‌కి అది తేదీలా కాదు, మామూలు టెక్స్ట్‌లా కనిపిస్తుంది. అందుకే ఓడీబీసీ డ్రైవర్ 17వ వెర్షన్ గానీ 18వ వెర్షన్ గానీ ప్రతి కంప్యూటర్‌లో వేయండి. 18 అయితే ఎన్‌క్రిప్షన్ ముందే ఆన్ చేసి ఉంటుంది, సర్టిఫికెట్ ఎర్రర్ వస్తే కంగారు పడకండి, అది సెట్టింగ్ విషయమే.

ఇప్పుడు స్క్రీన్ మీద ఈ ఫారం చూడండి. లింక్ అయిపోయింది, డేటా కనిపిస్తోంది. ఒక రికార్డు మార్చి సేవ్ కొట్టాను. "రైట్ కాన్‌ఫ్లిక్ట్" అని మెసేజ్. ఇంకెవరో కూడా మార్చారంటోంది. నేను తప్ప ఎవరూ లేరు. కారణం ఇదిగో, ఈ ఎస్/నో కాలమ్. సర్వర్‌లో అది బిట్ (0 గానీ 1 గానీ ఉండే రకం) అయింది, లోపల నల్, అంటే ఏ విలువా లేని ఖాళీ, ఉంది. యాక్సెస్‌కి ఎస్/నోలో నల్ అనేదే తెలియదు. పాత విలువను సర్వర్ విలువతో పోల్చుకుని, కలవలేదనుకుంటుంది. బిట్ కాలమ్స్ అన్నింటికీ డిఫాల్ట్ సున్నా పెట్టండి, నల్ ఒప్పుకోవద్దనండి, ఉన్న నల్స్‌ని సున్నా చేయండి. దశాంశాలున్న కాలమ్స్ వల్ల కూడా ఇదే మెసేజ్ రావచ్చు. దానికి రోవర్షన్ కాలమ్ (వరస మారిన ప్రతిసారీ తనంతట తాను మారే నంబర్) ఒకటి చేరిస్తే సరి. ఎస్ఎస్ఎంఏ అవసరం అనుకున్న చోట తనే చేరుస్తుంది. కనపడితే అనవసరమని తీసేయకండి.

ఇంకొకటి, ప్రైమరీ కీ (ప్రతి వరసనీ విడిగా గుర్తుపట్టే కాలమ్) లేని టేబుల్‌ని లింక్ చేస్తే అది చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది. ముందు యాక్సెస్‌లోనే కీలు సరిచేసుకుని బయలుదేరండి.

కోడ్ సంగతికి వస్తే, ఎస్ఎస్ఎంఏ మీ వీబీఏని (యాక్సెస్‌లో మీరు రాసుకున్న కోడ్) ముట్టుకోదు. ఆటోనంబర్ (తనంతట తాను పడే నంబర్) ఉన్న టేబుల్‌ని కోడ్‌లో ఓపెన్‌రికార్డ్‌సెట్ కమాండ్‌తో తెరిస్తే 3622 ఎర్రర్ వస్తుంది, డీబీసీచేంజెస్ (dbSeeChanges) ఆప్షన్ ఇవ్వాలి. దీనికన్నా కనిపించకుండా దెబ్బ తీసేది ఇంకొకటుంది. యాక్సెస్ టేబుల్‌లో యాడ్‌న్యూ అనగానే కొత్త నంబర్ చేతికొస్తుంది. సర్వర్‌లో అప్‌డేట్ అయ్యాకే వస్తుంది. బిల్లు నంబర్ ముందే తీసుకుని ఐటమ్స్ టేబుల్‌లో రాసే కోడ్ ఉంటే దాన్ని తిప్పి రాయాల్సిందే. అప్‌డేట్ తర్వాత లాస్ట్‌మాడిఫైడ్ బుక్‌మార్క్‌కి వెళ్లి, అప్పుడు నంబర్ చదవండి. అలాగే యాక్సెస్‌లో ట్రూ అంటే మైనస్ 1, సర్వర్ బిట్‌లో 1. "మైనస్ 1కి సమానం" అని రాసిన చోట్ల "సున్నా కాదు" అని మార్చేయండి, రెండు చోట్లా పనిచేస్తుంది.

మార్చాక ఇంకా స్లో అయింది అని చాలామంది అంటారు. నిజమే, అవుతుంది. ఈ క్వెరీ చూడండి. వేర్ (WHERE) షరతులో మన సొంత వీబీఏ ఫంక్షన్ ఉంది. అది సర్వర్‌కి అర్థం కాదు. అందుకే యాక్సెస్ టేబుల్ మొత్తాన్ని నెట్‌వర్క్ మీదుగా లాక్కుని, ఇక్కడ ఒక్కో వరసా చూసుకుంటోంది. అదే షరతుని మామూలు కాలమ్ పోలికగా రాస్తే సర్వర్ ఇండెక్స్ చూసి కావలసిన వరసలే పంపుతుంది. పెద్ద రిపోర్టులకి సర్వర్‌లో వ్యూ (సేవ్ చేసిన క్వెరీ) గానీ స్టోర్డ్ ప్రొసీజర్ (సేవ్ చేసిన కమాండ్ల వరస) గానీ రాసి, నేరుగా సర్వర్‌లోనే నడిచే పాస్-త్రూ క్వెరీతో పిలవండి. ఫారం తెరవగానే కస్టమర్లందర్నీ తెచ్చే అలవాటు మానండి. ఖాళీగా తెరిచి, పేరో నంబరో అడిగి, ఆ ఒక్కరినే తెప్పించండి. మొత్తం మైగ్రేషన్‌లో యూజర్‌కి తేడా తెలిసేది ఇక్కడే. వారాంతమంతా కూర్చోవాల్సి వచ్చినా ఈ పని చేయండి.

సర్వర్‌గా ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ ఉచితం. 2022 వెర్షన్‌లో ఒక్కో డేటాబేస్‌కి పరిమితి 10 జీబీ, 2025లో 50 జీబీ. నాలుగు కోర్లకు మించి వాడదు. చిన్న, మధ్యస్థ ఆఫీసులకి ధారాళంగా సరిపోతుంది. ఇన్‌స్టాల్ చేయగానే వేరే కంప్యూటర్ నుంచి కనెక్ట్ కాకపోతే, కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో టీసీపీ/ఐపీ ఆన్ చేయండి, ఫైర్‌వాల్‌లో పోర్ట్ తెరవండి. ఎక్స్‌ప్రెస్‌లో ఏజెంట్ (పనుల్ని టైముకి నడిపే భాగం) ఉండదు కాబట్టి బ్యాకప్ తనంతట తాను జరగదు. విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో బ్యాకప్ తీసే ఎస్‌క్యూఎల్‌సీఎండీ (sqlcmd) కమాండ్ పెట్టుకోవాలి. నడుస్తున్న డేటాబేస్ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కొట్టే పాత పద్ధతి ఇక చెల్లదు.

నా రేటింగ్: టేబుల్స్, డేటా తరలింపుకి 5కి 4.5. క్వెరీల మార్పిడికి 2, ఎందుకంటే తేలికైనవి తప్ప మిగతావి చేత్తో రాసుకోవడమే మేలు. ఎవరికి వద్దంటే, ఒక్కరే వాడుకునే ఫైల్‌కి ఇదంతా అక్కర్లేదు.

మార్చే రోజు మాత్రం అందర్నీ బయటికి రమ్మని, లాక్ ఫైల్ (ఎవరైనా తెరిచి ఉన్నంతసేపు పక్కనే కనిపించే ఫైల్) పోయిందో లేదో చూసి, అప్పుడే చివరి డేటా పంపండి. తర్వాత పాత ఫైల్‌ని ఆ ఫోల్డర్‌లోంచి వేరే చోటికి మార్చేయండి. డెస్క్‌టాప్ మీద పాత షార్ట్‌కట్ ఉన్న ఒక్క యూజర్ చాలు, మర్నాడు ఎంట్రీలన్నీ పాత ఫైల్‌లో వేసేయడానికి.