నమ్మకం సరే, మన ఏర్పాటు మనకుందా?

మిత్రులారా, నమస్కారం.

మనం రాసే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా మన సొంత కోడ్ కాస్తే. మిగతాదంతా ముక్కూ మొహం తెలియనివాళ్లు రాసిన లైబ్రరీలు, అంటే సిద్ధంగా దొరికే కోడ్. అందులో తప్పు లేదు. ఎన్‌క్రిప్షన్ లాంటివి ఎవరికి వారు రాసుకుంటే మరీ ప్రమాదం. కాబట్టి అన్నీ మనమే రాసుకుందామని నేననను. నమ్మినదాన్ని తనిఖీ చేసుకునే వీలు, అక్కర్లేనప్పుడు బయటపడే దారి, ఈ రెండూ మన చేతిలో ఉండాలంటాను.

2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని రాసినాయనే, జావాస్క్రిప్ట్ ప్యాకేజీలన్నీ దొరికే ఎన్‌పీఎం నుంచి తీసేశాడు. ప్రపంచమంతటా దాని మీద ఆధారపడ్డ బిల్డ్‌లు (కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే పని) ఆగిపోయాయి. వాడే ప్యాకేజీల కాపీ సొంత సర్వర్‌లో ఉంచుకుంటే ఆ టెన్షన్ ఉండేది కాదు.

ఎక్స్‌జెడ్ సంగతి ఇంకా లోతైనది. దాదాపు ప్రతి లైనక్స్‌లో ఉండే, ఫైళ్లను కుదించే కంప్రెషన్ టూల్ అది. ఏళ్ల తరబడి ప్రధానంగా ఒక్క మనిషే జీతం లేకుండా చూసుకున్నాడు. జియా టాన్ అనే పేరుతో ఎవరో సాయానికి వచ్చారు. రెండేళ్లకు పైగా బుద్ధిగా ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) పంపారు. ఈలోగా వేరే పేర్లతో కొందరు "పని నత్తనడక నడుస్తోంది, ఇంకొకరికి అప్పగించండి" అని పాత ఆయన మీద ఒత్తిడి తెచ్చారు. చివరికి రిలీజ్ చేసే అధికారం ఆ కొత్త చేతికి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 5.6.0 వెర్షన్‌లో దొంగదారి (బయటివాళ్లు రహస్యంగా చొరబడే బ్యాక్‌డోర్) చేరింది. దాన్ని బిల్డ్‌లోకి ఎక్కించే స్క్రిప్ట్ గిట్ రిపోలో (కోడ్, దాని మార్పుల చరిత్ర అందరికీ కనిపించే చోట) లేదు, డౌన్‌లోడ్‌కి పెట్టిన రిలీజ్ ఫైల్‌లోనే ఉంది! రిపో చదివి "అంతా బాగుంది" అనుకున్నవాళ్లకు అది కనిపించే అవకాశమే లేదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ తన మెషీన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి మెషీన్‌లోకి సురక్షితంగా వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని గమనించి, తవ్వుకుంటూ వెళ్లి పట్టుకున్నాడు. సోర్స్ అందుబాటులో ఉంది, చూసే ఓపిక ఆయనకుంది. అందుకే రిలీజ్‌ని రిపో నుంచి మనమే బిల్డ్ చేసి సరిపోల్చుకోగలగాలని పట్టుబడతాను. ఒంటరిగా మోస్తున్నవాళ్లకు డబ్బో, మనిషి సాయమో అందించడం కూడా మన భద్రతలో భాగమే.

ఇక బయటపడే దారి. 2005లో, లైనక్స్ కోడ్ మార్పుల చరిత్రను దాచుకోవడానికి వాడుతున్న బిట్‌కీపర్‌ను ఉచితంగా వాడుకునే వీలు పోయినప్పుడు లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గిట్ రాశారు. గిట్‌లో క్లోన్ (పూర్తి కాపీ) చేసుకుంటే చరిత్రంతా మన దగ్గరే ఉంటుంది. కానీ ఇప్పుడు బగ్ రిపోర్టులు, రివ్యూ చర్చలు, టెస్టుల ఏర్పాట్లు చాలావరకు గిట్‌హబ్ లాంటి హోస్టింగ్ సైట్లలోనే ఉన్నాయి. ఆ కోడ్ అలా ఎందుకు రాశారో చెప్పే చర్చ క్లోన్‌లో రాదు. నాకు ఇదే ఎక్కువ దిగులు.

ఇతరుల కోడ్‌ను నిల్వ ఉంచే కోడ్ స్పేసెస్ అనే సంస్థ 2014లో మూతపడింది. క్లౌడ్ కంట్రోల్ ప్యానెల్‌లోకి చొరబడ్డవాడు డేటాతో పాటు బ్యాకప్‌లనూ చాలావరకు తుడిచేశాడు. మీ బ్యాకప్ వేరే అకౌంట్‌లో, వేరే పాస్‌వర్డ్ కింద ఉందా? ఈ వారమే ఖాళీ మెషీన్ మీద దాన్ని రిస్టోర్ చేసి చూడండి. ఏదైనా ఫైల్ రాకపోతే, అది ఎక్కడ ఆగిందో మీ టీమ్‌తో కూర్చుని సరిచేయండి.