ఒడ్డు విడిచిన దిమ్మెలు

అందరికీ నమస్కారం.

స్కాట్లాండ్ తూర్పు తీరాన, ఫైఫ్ ప్రాంతంలో టెంట్స్‌మ్యూర్ అనే అడవి ఉంది. అక్కడ పైన్ చెట్ల మధ్య కాంక్రీటు దిమ్మెలు బారులు తీరి కనిపిస్తాయి. అడవిలో ఇవెందుకని ఎవరికైనా అనిపిస్తుంది. నిజానికి 1941లో వాటిని పోసింది సముద్రపు ఒడ్డునే. ఏళ్ల తరబడి ఇసుక మేట వేసి సముద్రం దూరం జరిగింది. దిమ్మెలు కదల్లేదు. అప్పటి ఒడ్డు ఎక్కడుండేదో ఇప్పుడు అవే చెబుతున్నాయి.

1940 ఏప్రిల్‌లో నార్వే మీద జర్మనీ విరుచుకుపడింది. జూన్‌కల్లా ఫ్రాన్స్ కూడా లొంగిపోయింది. నార్వే నుంచి ఉత్తర సముద్రం దాటి వచ్చే శత్రువుకు ఎదురయ్యేది స్కాట్లాండే. ఒడ్డున దిగిన యుద్ధ ట్యాంకులు లోపలికి రాకుండా ఈ దిమ్మెలు అడ్డం పెట్టారు.

పోసిందెవరనుకున్నారు? పోలండ్ సైనికులు. 1939లో సొంత దేశం శత్రువు పాలైంది. ఫ్రాన్స్ చేరి పోరాడితే అదీ పడిపోయింది. చివరికి ఇక్కడ, తమది కాని తీరానికి కాపలా కాశారు. కొన్ని దిమ్మెల మీద వాళ్లు రాసుకున్న పేర్లున్నాయి. నన్ను కదిలించేది ఆ పేర్లే.

ఇంకా ఉత్తరాన, స్టోన్‌హేవెన్ దగ్గర, కొండలకూ సముద్రానికీ మధ్య దారి బాగా ఇరుకు. అబర్డీన్ వైపు దిగిన సైన్యం దక్షిణానికి రావాలంటే అటే రావాలి. అందుకే అక్కడి కౌవీ ఏటినే కోటగోడ చేశారు. ట్యాంకులు ఎక్కలేకుండా గట్లను నిలువుగా చెక్కేశారు, వెంబడి పిల్‌బాక్సులు కట్టారు. మందపాటి గోడలు, తుపాకీ గురిపెట్టే కంతలు ఉన్న చిన్న గదులవి. కొన్ని ఇప్పటికీ పొలాల్లో నిలిచే ఉన్నాయి.

మనకూ ఇవి కొత్త కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేసిన విశాఖ తీరంలోనూ అలాంటి పిల్‌బాక్సులున్నాయి.

స్కాట్లాండ్ తీరాన ఏ యుద్ధమూ జరగలేదు కాబట్టి అక్కడి కట్టడాలకు విలువ లేదనే మాటను నేను ఒప్పుకోను. బ్రిటన్ అంతటా 1995 నుంచి 2002 వరకు వాలంటీర్లు తిరిగి ఇలాంటి కట్టడాలున్న దాదాపు 20,000 స్థలాలను నమోదు చేశారు. అది గొప్ప పని. కానీ కాగితం మీదికెక్కినంత మాత్రాన కట్టడం నిలబడదు, కడలి కోతకు గురయ్యే చోట మరీను.

మీరు వెళ్తే ఆ గోడలను దగ్గరగా చూడండి. సెంట్రింగ్ చెక్కల ఈనెలు కాంక్రీటులో అచ్చుపడి ఉంటాయి. ఆ చెక్కలు ఎప్పుడో పోయాయి.