పరంజా మీది నుంచి పడ్డాక

శ్రోతలకు నమస్కారం.

బెంగళూరులో కొత్తగా లేచే ఏ భవనం దగ్గర ఆగినా తెలుగు మాట వినిపిస్తుంది. హిందూపురం, మడకశిర, కదిరి వైపు నుంచి వచ్చిన తాపీ మేస్త్రీలు, కూలీలు. వాళ్లలో ఒకాయన మూడో అంతస్తు పరంజా మీది నుంచి జారి పడ్డాడు. తోటివాళ్లు చందాలు వేసుకున్నారు, ఆపరేషన్ జరిగింది, కుట్లు విప్పి ఇంటికి పంపారు. నడుము కిందంతా చచ్చుబడింది. నేను ఫిజియోథెరపిస్టుగా ఆయన్ను చూసేనాటికి తుంటి దగ్గర అరచేయంత పుండు.

వెన్నుపాము తెగినచోటికి కింద స్పర్శ ఉండదు. ఒకే వైపు పడుకుంటే రక్తం ఆడక చర్మం కుళ్లుతుంది. నొప్పి లేదు కనుక ఆ సంగతి ఆ మనిషికే తెలియదు. అందుకే రెండు గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రిళ్లు కూడా. ఆయన భార్య ఫోనులో అలారం పెట్టుకుని లేచేది. ఆమె ఎప్పుడు నిద్రపోతుందని ఎవరూ అడగలేదు. నేనూ చాలాకాలం అడగలేదు.

ఒకప్పుడు ఇలాంటివాళ్లలో ఎక్కువమంది ఈ పుండ్లతోనో, మూత్రంలో చీముతోనో పోయేవారు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గట్‌మన్ అనే వైద్యుడు పక్కలు మార్పించి, లేపి కూర్చోబెట్టి, ఆటలు కూడా ఆడించాడు. పారాలింపిక్స్ అక్కడే మొలకెత్తాయి. అప్పుడూ ఇప్పుడూ కావలసింది పెద్ద యంత్రాలు కాదు, నెలల తరబడి పట్టే ఓపిక. దానికయ్యే ఖర్చు చాలా ఇళ్లు మోయలేవు.

1975లో ఇదే బెంగళూరులో, నౌకాదళ ఎంపిక పరీక్షలో కింద పడి దెబ్బ తగిలి, మెడ కింద చచ్చుబడిన యువకుడు ఎస్. రామకృష్ణన్. ఆయన 1981లో తమిళనాడులోని సొంత ఊరు ఆయికుడిలో వికలాంగులకు పునరావాసం ఇచ్చే అమర్ సేవా సంగం స్థాపించారు. తనకు వైద్యం చేసిన డాక్టరు పేరే దానికి పెట్టుకున్నారు. మన నగరంలో లింగరాజపురంలోని అసోసియేషన్ ఆఫ్ పీపుల్ విత్ డిజెబిలిటీ అనే సంస్థ కూడా వికలాంగుల కోసం 1959 నుంచి పనిచేస్తోంది.

ఇలాంటిచోట్ల నేర్పేవి చూడటానికి చిన్నవిగా ఉంటాయి. పడిపోకుండా కూర్చోవడం. చేతులు ఆనించి పిరుదులు పైకి లేపడం. చెక్కపలక మీదుగా మంచం నుంచి కుర్చీలోకి జరగడం. గొట్టం తానే శుభ్రంగా పెట్టుకుని మూత్రం తీసుకోవడం. చుట్టాలు మాత్రం ఒకే ప్రశ్న అడుగుతారు: ఎప్పుడు నడుస్తాడు? చాలామంది నడవలేరు. ఆ మాట మొదటి వారమే చెప్పాలంటాను నేను; తోటివారు కొందరు ఒప్పుకోరు.

దాతలతో నాకో పేచీ ఉంది. దండలు వేసి, వేదిక మీద చక్రాల కుర్చీ ఇచ్చి ఫొటో తీసుకుంటారు. మా మేస్త్రీకీ అలాగే ఒకటి ఇచ్చారు. ఆయన నడుముకంటే జానెడు వెడల్పు, మెత్తటి దిండు లేదు. ఆ కుర్చీయే రెండో పుండు తెచ్చింది. కుర్చీ ఇవ్వండి, కాని కొలత తీసుకుని, దిండుతో ఇవ్వండి. ఇంకా మిగిలితే మూడు నెలల శిక్షణకు, తోడుండే మనిషి భోజనానికి కట్టండి.

ఆయన ఇప్పుడు రాత్రిళ్లు తనంతట తానే పక్కకు తిరుగుతాడు. భార్య మాత్రం అలారం మానలేదట. మోగగానే లేచి, తిరిగాడో లేదో చూసి, మళ్లీ పడుకుంటుందట.